నీలం, బూడిద, పారదర్శక పసుపు: పాత లెగో థీమ్‌లు, వాటి ముందున్న దారి

నీలం రెక్కలు, బూడిద రంగు ఒళ్ళు, పారదర్శక పసుపు అద్దం. ఈ మూడూ ఒకచోట కనబడితే చాలు, 1980లలో లెగో ప్లాస్టిక్ ముక్కలతో ఆడిన తరానికి సెట్ నంబరు చెప్పక్కర్లేదు. చంద్రుడి మీద గుంతల నేల, ఛాతీ మీద బంగారు రంగు గ్రహం గుర్తు ఉన్న చిన్న వ్యోమగామి, ముఖం మీద రెండు చుక్కలూ ఒక నవ్వూ, అన్నీ వెంటనే గుర్తొచ్చేస్తాయి. ఆ తరానికి ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళు. వాళ్ళు కలిస్తే మొదలయ్యే చర్చ ఒకటే: స్పేస్, క్యాసిల్, పైరేట్స్ అనే థీమ్‌లు, అంటే ఒకే లోకానికి చెందిన సెట్ల వరుసలు, మళ్ళీ వస్తాయా? వచ్చినా అప్పటిలా ఉంటాయా?

డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఒలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన కంపెనీ లెగో. ఇప్పుడు మనకు తెలిసిన బ్రిక్, అంటే పైన బుడిపెలు, అడుగున గొట్టాలు ఉన్న రూపం, 1958 జనవరిలో పేటెంట్‌కు వెళ్ళింది. అప్పటి ముక్క ఇప్పటి ముక్కకు బిగుస్తుందన్న సంగతి అందరూ చెప్పేదే. థీమ్‌ల కథ మాత్రం 1978లో మొదలైంది. ఆ ఏడాదే చేతులూ కాళ్ళూ కదిలే చిన్న మనిషి బొమ్మ, మినీఫిగర్, వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన యెన్స్ నీగోర్ క్నూడ్సెన్ పేరు స్పేస్ థీమ్‌తోనూ ముడిపడి ఉంది. మినీఫిగర్ రాకముందు లెగో ఇల్లు అంటే ఇల్లే. వచ్చాక ఆ ఇంట్లో ఎవరుంటారన్న ప్రశ్న వచ్చింది, దానికి జవాబుగా టౌన్, క్యాసిల్, స్పేస్ వచ్చాయి.

స్పేస్‌లో తొలి ఓడలు మూడు: 918, 924, 928. చిన్నది, మధ్యది, పెద్దది. 928నే అమెరికాలో 497 నంబరుతో గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ అన్నారు, ముక్కలు 338, వ్యోమగాములు నలుగురు. మూడింటికీ ఒకే రంగులు, ఒకే ముక్కు ఆకారం, ఒకే గుర్తు. అసలు విషయం ఇక్కడే ఉంది. పెద్ద ఓడ కొనగలిగిన ఇల్లు వీధికి ఒకటి ఉంటే గొప్ప. మిగతా పిల్లలకు 886 బగ్గీ లాంటివి దక్కేవి: నాలుగు చక్రాలు, గుప్పెడు ముక్కలు, ఒక వ్యోమగామి. కానీ ఆ ఒక్కడూ పెద్ద ఓడలో ఉన్నవాడూ ఒకే జట్టు, ఒకే బట్టలు. చిన్న పెట్టెలు మూడు నాలుగు చేరేసరికి పిల్లవాడి దగ్గర ఓడ లేకపోయినా ఒక స్థావరం తయారయ్యేది, అదీ ఎవరో గీసిన బొమ్మ ప్రకారం కాకుండా. పాత థీమ్‌లు ఎందుకంత బలంగా నాటుకుపోయాయని అడిగితే కథ లేకపోవడం, ప్రింటెడ్ ముక్కలు, ముచ్చటైన పెట్టెలు అని రకరకాల జవాబులు వస్తాయి. మా లెక్కలో మొదటి కారణం ఆ చిన్న పెట్టెలే.

కథ లేదన్న మాట కూడా నిజమే. తొలి పదేళ్ళు స్పేస్‌లో శత్రువు లేడు, తుపాకీ లేదు. ఎరుపు, తెలుపు వ్యోమగాములు ముందు వచ్చారు, తర్వాత పసుపు, 1984కి నీలం, నలుపు. ఏ రంగు ఎవరిదో, నాయకుడెవరో కంపెనీ చెప్పలేదు. పెట్టె వెనకాల అవే ముక్కలతో కట్టిన వేరే నమూనాల ఫొటోలు ఉండేవి, వాటికి సూచనల పుస్తకం ఉండేది కాదు. ఫొటోలో కనబడని వైపు ఎలా కట్టారో పిల్లలే ఊహించుకోవాలి. కట్టడం నేర్పిన బడి అది. ఇప్పటి త్రీ ఇన్ వన్ సెట్లు మూడింటికీ సూచనలు ఇస్తాయి. అది సదుపాయమే, ఆ తికమక మాత్రం పోయింది.

1987లో స్పేస్‌లోకి బ్లాక్‌ట్రాన్ అనే కొత్త జట్టు వచ్చింది. నలుపు, పసుపు, పారదర్శక పసుపు అద్దాలు. వీళ్ళు చెడ్డవాళ్ళా కాదా అన్నది ఆ పెట్టెల మీద స్పష్టంగా లేదు. 1989లో స్పేస్ పోలీస్ వచ్చి తన జైలు గదిలో బ్లాక్‌ట్రాన్ మనిషిని కూర్చోబెట్టాక తీర్పు అయిపోయింది. ఆ జైలు గది ఒక ఓడలోంచి తీసి ఇంకో వాహనంలో పెట్టేలా ఒకే కొలతతో చేశారు. ఇలాంటి ఆలోచనలే ఆ కాలపు గొప్ప. 1990 ఎం-ట్రాన్‌కు అయస్కాంతాలు, 1993 ఐస్ ప్లానెట్‌కు మెరిసే నారింజ రంగు పారదర్శక ముక్కలు, 1994 స్పైరియస్‌కు ఎరుపు నలుపు మీద నీలం అద్దాలు. రంగు చూసి జట్టు చెప్పేయొచ్చు. జట్టుకు రెండు ముఖ్య రంగులు, ఒక పారదర్శక రంగు, ఒక కొత్త యంత్రాంగం: అదే సూత్రం. 1997 యూఎఫ్ఓ, 1998 ఇన్‌సెక్టాయిడ్స్ దగ్గరికి వచ్చేసరికి పెద్ద పెద్ద ఒకే ముక్క గుల్లలు ఎక్కువయ్యాయి, ఆ సెట్టు విప్పితే ఇంకోటి కట్టడానికి పనికొచ్చేవి తగ్గాయి. వాటిని ఇష్టపడేవాళ్ళు లేకపోలేదు. విడి ముక్కల కోసం చూసేవాళ్ళు మాత్రం వాటి జోలికి పోరు.

క్యాసిల్ మొదటి కోట పసుపు రంగులో ఉండేది, నంబరు 375. గుర్రాలు కూడా బ్రిక్‌లతో కట్టుకునేవే. అచ్చు పోసిన గుర్రం 1984లో వచ్చింది, అదే ఏడు 6080 కింగ్స్ క్యాసిల్ బూడిద రంగులో వచ్చింది. గోడలు కీలు మీద విప్పితే కోట లోపల ఆడుకోవచ్చు, మూసేస్తే నాలుగు పక్కలా గోడ. జట్లు ఇక్కడా ఉన్నాయి: 1987లో ఫారెస్ట్‌మెన్, 1988లో బ్లాక్ నైట్స్, 1992లో వుల్ఫ్‌ప్యాక్. డాలు మీద బొమ్మే ఇంటిపేరు. ఇక్కడా చిన్న పెట్టెలు ఉండేవి: ఒక బండి, ఇద్దరు సైనికులు, ఒక జెండా. సైన్యం పెరిగేది వాటితోనే. పైరేట్స్ 1989లో బ్లాక్ సీస్ బ్యారకుడా ఓడతో వచ్చింది. రెండు చుక్కలూ ఒక నవ్వూ అన్న ముఖానికి మీసం, గడ్డం, కంటి గంత వచ్చింది ఇక్కడే. కొక్కెం చెయ్యి, కర్ర కాలు కూడా.

1999లో స్టార్ వార్స్ సినిమాల సెట్లు చేసే లైసెన్సు వచ్చింది, తర్వాత హ్యారీ పాటర్. 2003, 2004 సంవత్సరాల్లో కంపెనీ పెద్ద నష్టాల్లో ఉంది. లైసెన్సు థీమ్‌లే సొంత థీమ్‌లను చంపాయని అభిమానుల్లో చాలామంది అంటారు. అది సగం నిజం. 2001లో వచ్చిన బయోనికిల్ కంపెనీ సొంత ఆలోచనే, ఆ కష్టకాలంలో నిలబెట్టిన వాటిలో అదొకటి, 2010 దాకా నడిచింది. అది కూడా చిన్న డబ్బాల థీమ్ అని గమనించాలి. స్తూపాకారపు డబ్బాలో ఒక వీరుడు, అతనికో ముసుగు. ఆరుగురిలో ఒకణ్ణి కొంటే మిగతా ఐదుగురూ కావాలనిపిస్తుంది. 2011 నింజాగో కూడా అంతే. దాని వెనక టీవీ సీరియల్ ఉంది, దాని ముందు చిన్న సెట్లు ఉన్నాయి. చీమా, నెక్సో నైట్స్, హిడెన్ సైడ్, విడియో అనే థీమ్‌లు వచ్చాయి, పోయాయి. వాటి సంగతి ఇక్కడ వదిలేద్దాం. క్యాసిల్ పేరుతో మామూలు శ్రేణి చివరిసారి వచ్చింది 2013లో, పైరేట్స్ 2015లో. స్పేస్‌కు గెలాక్సీ స్క్వాడ్, అదీ 2013లోనే.

ఈ చర్చ రాగానే చాలామంది చేసే మొదటి పని అటక మీది పెట్టె దించడం. అక్కడ కనబడేవి ఇవి: పచ్చబడిన (పసుపు తేలిన) తెలుపు, దుమ్ము పట్టిన బూడిద, గడ్డం దగ్గర విరిగిన హెల్మెట్. వీటిని బాగు చేయడంలో తొందరపడితే మిగిలినదీ పోతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు వేరు చేయాలి. స్టిక్కర్ ఉన్నవి, బట్ట తెరచాపలు, అయస్కాంతాలు, రైలు చక్రాల్లో ఇనుప ఇరుసులు, బ్యాటరీ పెట్టెలు, బల్బులు ఒక పక్కకు తీయండి. అవి నీళ్ళలో పడకూడదు, తెరచాప ఒక్కటే విడిగా చల్లటి సబ్బు నీళ్ళలో నానబెట్టి, పిండకుండా పరిచి నీడలో ఆరేయొచ్చు. మిగతా ముక్కలు జాలీ సంచిలో వేసి గోరువెచ్చని నీళ్ళలో, 40 డిగ్రీలు దాటకుండా, కొద్దిగా గిన్నెల సబ్బుతో ఒక గంట నానబెట్టాలి. మూలల్లో మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ప్రింటు ఉన్న ఛాతీని బ్రష్‌తో రుద్దకండి, ఆ బంగారు రంగు గ్రహం గుర్తు ముందే సగం అరిగి ఉంటుంది. వాషింగ్ మెషిన్, హెయిర్ డ్రయర్ వద్దు. బోరు నీళ్ళు ఉన్న ఇళ్ళలో ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి, అందుకే చివరి కడుగు ఫిల్టర్ నీళ్ళతో చేయాలి. గొట్టాల మధ్య నీళ్ళు నిలుస్తాయి. దులిపి, బోలుగా ఉన్న వైపు కిందికి పెట్టి, తువ్వాలు మీద ఒక రోజంతా ఆరనివ్వాలి. తడిగా పెట్టెలో వేస్తే వాసన పడుతుంది.

పచ్చబడటానికి కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి. తెలుపు, పాత బూడిద, నీలం ఎక్కువగా దెబ్బతింటాయి. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దీన్ని చాలావరకు వెనక్కి తీసుకురావచ్చు. 3 శాతం నుంచి 6 శాతం ద్రావణం సరిపోతుంది. పారదర్శకమైన గాజు సీసాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో ముక్కలు వేసి, పూర్తిగా మునిగేలా పోసి, ఎండలో పెట్టాలి. గంటకోసారి కదపాలి. ఎందుకంటే బుడగలు అంటుకుని ముక్కలు పైకి తేలతాయి, నీటి గీత దగ్గర సగం తెల్లగా సగం పచ్చగా చార పడుతుంది. పైన ఒక గాజు గిన్నె బరువుగా పెడితే ఆ బాధ ఉండదు. మూత గట్టిగా బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. నాలుగు గంటల తర్వాత తీసి చూసి, కావాలంటే కొనసాగించాలి. మన వేసవి ఎండలో ఇంకో ప్రమాదం ఉంది. మధ్యాహ్నం రేకు మీదో టెర్రస్ మీదో పెడితే ద్రావణం బాగా వేడెక్కి ప్లేట్లు, అంటే బ్రిక్‌లో మూడో వంతు మందం ఉన్న పలచటి ముక్కలు, వంకర పోతాయి. ఉదయం ఎండ చాలు. ఎక్కువసేపు ఉంచితే నీలం మీద పాల తెట్టు లాంటి మచ్చ వస్తుంది, అది మళ్ళీ పోదు. క్రోమ్ పూత ఉన్నవి వేయకండి. ఒక మాట ముందే తెలుసుకోవాలి: ఇది శాశ్వతం కాదు, వెలుతురులో పెడితే మళ్ళీ పచ్చబడతాయి.

హెల్మెట్ సంగతి. తొలినాటి స్పేస్ హెల్మెట్‌కు గడ్డం కింద పట్టీ పలచగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో విరుగుతుంది. ఎంత ప్రసిద్ధి అంటే 2014 లెగో సినిమాలో బెన్నీ అనే నీలం వ్యోమగామికి విరిగిన హెల్మెట్‌నే అచ్చు పోశారు. జిగురు పెట్టడం దండగ. ఇన్‌స్టంట్ జిగురు ఆవిరితో చుట్టూ తెల్లటి మసక వస్తుంది, పట్టీ మళ్ళీ అక్కడే విడుతుంది. తర్వాతి కాలపు మందపాటి పట్టీ హెల్మెట్ విడిగా కొనుక్కోవడమే మేలు. విరగని పాతది ఉంటే తిప్పుతూ లాగకండి, వెనక నుంచి నెమ్మదిగా పైకి ఎత్తండి. మినీఫిగర్ ఛాతీలో చేతుల కింద సన్నటి చీలిక కనబడుతుంది, అది చేతి బుడిపె ఎప్పుడూ బయటికి తోస్తూ ఉండడం వల్ల. చేతులు ఊడదీసి మార్చే అలవాటుంటే చీలిక త్వరగా వస్తుంది.

పాతవే పెళుసు అనుకుంటే పొరపాటు. 2000ల చివరి నుంచి కొన్నేళ్ళ పాటు వచ్చిన ఎర్ర గోధుమ, ముదురు ఎరుపు ముక్కలు వాటికంటే అధ్వానం. ఊడదీస్తుంటేనే పటుక్కున విరుగుతాయి. బయోనికిల్‌లో 2007, 2008 నాటి లేత ఆకుపచ్చ కీళ్ళు కూడా అంతే, బంతి దూరేచోట చీలతాయి. ఇలాంటివి విడదీసే ముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, వంచకుండా, ముక్కలు విడదీసే పనిముట్టు సెపరేటర్‌తో ఒక చివర నుంచి ఎత్తాలి. పారదర్శక ముక్కను ఇంకో పారదర్శక ముక్కకు బిగించకండి, పట్టేసుకుంటాయి. 1986 నుంచి వచ్చిన లైట్ అండ్ సౌండ్ సెట్లలో బ్యాటరీ కారి తెల్లటి పొడి ఉంటే, అది ఆల్కలైన్ బ్యాటరీ అయితే, వెనిగర్ తడిపిన దూదితో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవాలి.

రంగు విషయంలో ఒక గీత ఉంది: 2004. ఆ ఏడాది పాత లేత బూడిద, ముదురు బూడిద, గోధుమ రంగులు ఆపేసి, నీలం ఛాయ ఉన్న కొత్త బూడిదలు, ఎర్రటి గోధుమ తెచ్చారు. ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకేలా ఉంటాయి, పగటి వెలుతురులో పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పాత ఓడలో పోయిన ముక్కకు కొత్త బూడిద పెడితే అతుకులా ఉంటుంది. కాబట్టి విడి ముక్కలు అమ్మే బ్రిక్‌లింక్‌లో కొనేటప్పుడు రంగు పేరు చూసి కొనాలి. 2000లో ఒక అభిమాని మొదలుపెట్టిన ఆ సంత 2019 నుంచి లెగో కంపెనీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు కొత్త పెట్టెల సంగతికి వద్దాం. 2020లో పైరేట్స్ ఆఫ్ బ్యారకుడా బే, 2545 ముక్కలు. 2022లో లయన్ నైట్స్ క్యాసిల్, 4514 ముక్కలు. అదే ఏడు కంపెనీ తొంభై ఏళ్ళ సందర్భంగా కొత్త గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్, 1254 ముక్కలు. 2023లో ఎల్డొరాడో ఫోర్ట్రెస్, 2024లో మెడీవల్ టౌన్ స్క్వేర్, 2025లో బ్లాక్‌ట్రాన్ రెనెగేడ్. పెట్టె మీద 18 ప్లస్ అని, అంటే పెద్దవాళ్ళ కోసమని, ఉంటుంది. పాత తరం జేబులో ఇప్పుడు డబ్బుంది, కంపెనీకి ఆ సంగతి తెలుసు.

వీటిలో గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ చేసిన పని తెలివైనది. పాత ఓడను అన్ని వైపులా ఒకటిన్నర రెట్లు పెంచారు. లెక్క చూడండి: ఒకటిన్నరను మూడుసార్లు గుణిస్తే 3.375, పాత 338ని దాంతో గుణిస్తే 1141 దాకా వస్తుంది. అసలు సంఖ్య 1254. అంటే అనవసరంగా ఉబ్బించలేదు. పైగా అవే ముక్కలతో చిన్న ఓడ, మధ్య ఓడ కూడా కట్టుకోవచ్చు, సూచనలతో సహా. ఇలా సొంతంగా పెంచాలనుకునేవాళ్ళకు కొలతలు గుర్తుండాలి. బుడిపెకు బుడిపెకు మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, బ్రిక్ ఎత్తు 9.6, ప్లేట్ ఎత్తు 3.2. రెండు బుడిపెల వెడల్పు మూడవుతుంది, రెండు ప్లేట్ల ఎత్తు మూడవుతుంది, అంతవరకు హాయి. ఒంటరి బుడిపె ఒకటిన్నర కావాలి, అక్కడ మధ్యలో ఒకే బుడిపె ఉండే జంపర్ ప్లేట్‌తో సగం జరపాలి. ఒంటరి ప్లేట్ 4.8 మిల్లీమీటర్లు కావాలి, దానికి నేరుగా ముక్క లేదు. రెండు ఒంటరి ప్లేట్లు వచ్చేచోట ఒకదాన్ని ఒకటిగా, ఇంకోదాన్ని రెండుగా వేసి సరిపెట్టాలి, లేదా పక్కకు తిప్పి కట్టాలి. పక్కకు తిప్పినప్పుడు ఐదు ప్లేట్ల మందం 16 మిల్లీమీటర్లు, అది సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. ఈ ఒక్క లెక్క కుదిరితే సగం చిక్కులు విడిపోతాయి. మినీఫిగర్ మాత్రం పెరగడు, కాబట్టి కాక్‌పిట్ ఖాళీగా కనబడుతుంది. అక్కడ తెరలు, సీట్లు చేర్చాలి.

ఇవన్నీ మంచి సెట్లే. కానీ ఏడాదికి ఒకటి వచ్చే పెద్ద సెట్టును థీమ్ అనలేం. నాలుగున్నర వేల ముక్కల కోట అల్మరాలో కూర్చుంటుంది, దాని చుట్టూ చేరడానికి బండి, కాపలా బురుజు, పది మంది సైనికులు చిన్న పెట్టెల్లో దొరకరు. కొత్త ఎక్స్‌ప్లోరర్ వంద డాలర్లకు వచ్చి నలుగురు వ్యోమగాముల్ని ఇచ్చింది, ఐదో వ్యోమగామి కోసం బగ్గీ ఎక్కడుంది? ఫారెస్ట్ హైడ్‌అవుట్, బ్లాక్‌ట్రాన్ క్రూజర్ లాంటి చిన్నవి చేశారు, అవి ఇంత కొంటే ఉచితం అన్న లెక్కన ఇచ్చారు. అంటే చిన్నది దక్కాలంటే ముందు పెద్దది కొనాలి. ఇది తలకిందుల పద్ధతి, దీన్ని మెచ్చుకోలేం.

మధ్యే మార్గాలు కొన్ని ఉన్నాయి. క్రియేటర్ త్రీ ఇన్ వన్‌లో 2020 పైరేట్ షిప్, 2021 మెడీవల్ క్యాసిల్ వచ్చాయి. రెండో దాంట్లో 1426 ముక్కలు, పిల్లలు ఆడుకోవడానికి తగినట్టే చేశారు. 2024లో వచ్చిన 26వ మినీఫిగర్ సిరీస్ పూర్తిగా అంతరిక్షమే, అందులో ఎం-ట్రాన్, ఐస్ ప్లానెట్, బ్లాక్‌ట్రాన్ గుర్తులు మళ్ళీ కనబడ్డాయి. 12 మందిలో ఎవరు వస్తారో పెట్టె విప్పేదాకా తెలియదు. అదే ఇబ్బంది, సైన్యం కావాలంటే విడి అమ్మకందారు దగ్గరికే వెళ్ళాలి. లెగో ఐడియాస్‌లో అభిమాని నమూనాకు 10,000 ఓట్లు పడితే కంపెనీ పరిశీలిస్తుంది, బ్యారకుడా బే, మెడీవల్ బ్లాక్‌స్మిత్ అలా వచ్చినవే. బ్రిక్‌లింక్ డిజైనర్ ప్రోగ్రామ్‌లో కూడా కోటలు కనబడతాయి, ముందస్తు ఆర్డర్ మీద, పరిమిత సంఖ్యలో.

మన దేశంలో ఈ లెక్క ఇంకా కష్టం. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి నుంచి బొమ్మల మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనేవాళ్ళకు ధర చూస్తే సగం ఉత్సాహం పోతుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బాబాయి సూట్‌కేసులో పెట్టె తీసేసి, సంచులూ సూచనల పుస్తకమూ మాత్రమే సర్దుకుని తెచ్చే పద్ధతి అందుకే పుట్టింది. (పుస్తకం మడత పడకుండా చొక్కాల మధ్య పెట్టమనండి. ముక్కలకేం కాదు.) ఇలాంటి చోట చిన్న పెట్టె లేకపోతే ఆ థీమ్ కొత్త పిల్లలకు పరిచయమే కాదు.

మరి రాబోయేది? స్పేస్ విషయంలో కొంత ఆశ ఉంది, ఎందుకంటే 2024లో సిటీ, ఫ్రెండ్స్, టెక్నిక్ అన్నీ కలిపి అంతరిక్షం మీదే నడిపారు. పిల్లలకు అంతరిక్షం మీద మోజు తగ్గలేదని అర్థం. క్యాసిల్ మామూలు శ్రేణిగా తిరిగి రావడం మాకు అనుమానమే, ఆ స్థానంలో నింజాగో గట్టిగా కూర్చుంది. పైరేట్స్ ఓడ మళ్ళీ మళ్ళీ వస్తుంది, కానీ ఒంటరిగా. కంపెనీ చేయాల్సింది పెద్దగా ఏం లేదు. 18 ప్లస్ సెట్టు విడుదల చేసిన నెలలోనే అదే రంగుల్లో, అదే ఛాతీ గుర్తుతో, అరవై ముక్కల్లోపు రెండు పెట్టెలు పక్కన పెడితే చాలు.

అది వచ్చేలోగా ఆ చిన్న పెట్టెను మనమే తయారు చేసుకోవచ్చు. ఒక మనిషి పట్టే ఓడకు కావలసినవి: లేత బూడిద 4×10 ప్లేట్ ఒకటి, నీలం 3×8 వెడ్జ్ ప్లేట్లు (ఒక పక్క ఏటవాలుగా కోసినట్టుండే ప్లేట్లు) ఎడమది ఒకటి కుడిది ఒకటి, నీలం 2×8 ప్లేట్లు రెండు, బూడిద 1×4 బ్రిక్‌లు ఆరు, పారదర్శక పసుపు 2×4×2 విండ్‌స్క్రీన్ ఒకటి, 2×2 గుండ్రటి బ్రిక్‌లు రెండు, వాటి వెనక ఎరుపు పారదర్శక గుండ్రటి ముక్కలు రెండు, కంప్యూటర్ ప్రింటు ఉన్న వాలు బ్రిక్ ఒకటి, మరికొన్ని నీలం వాలు బ్రిక్‌లు ముక్కుకు. ఆక్సిజన్ ట్యాంకుతో వ్యోమగామి.

రెక్కను ఒక్క వరుస బుడిపెలతో తగిలిస్తే చేత్తో పట్టి ఎగరేయగానే ఊడుతుంది. రెక్కలు రెండింటినీ 4×10 ప్లేట్ అంచుకు ఆనించి, అడుగు నుంచి 2×8 ప్లేట్లు అడ్డంగా వేసి, ఇటు రెక్కకూ అటు ఒంటికీ కనీసం రెండేసి వరుసలు పట్టేలా బిగించాలి. కూర్చున్న మనిషికి పొడవులో నాలుగు బుడిపెల చోటు ఉంచండి, వెనక ఒకటి ఖాళీగా వదలాలి. లేకపోతే ట్యాంకు గోడకు తగిలి మనిషి ముందుకు వాలిపోతాడు. విండ్‌స్క్రీన్ పెట్టే ముందే హెల్మెట్‌తో కూర్చోబెట్టి ఎత్తు చూసుకోవాలి. ఇంజన్లు వెనక బరువైతే ఓడ తోక మీద కూలబడుతుంది, ముక్కులో ప్లేట్ బదులు బ్రిక్ వేస్తే సరిపోతుంది. పాత ఓడల్లో లాగే రెక్కల చివర ఎడమ పక్క ఎరుపు దీపం, కుడి పక్క ఆకుపచ్చ. ఎడమ అంటే పైలట్ కూర్చున్న వైపు నుంచి చూసినప్పుడు. ఎదురుగా పెట్టుకుని కట్టేవాళ్ళు ఇక్కడే తారుమారు చేస్తారు.

ముక్కలు విడిగా తెప్పించేటప్పుడు విండ్‌స్క్రీన్, ప్రింటెడ్ కంప్యూటర్, హెల్మెట్ ఈ మూడూ ఒకే దుకాణంలో దొరుకుతాయేమో ముందు చూడండి. మామూలు ప్లేట్లు ఎక్కడైనా ఉంటాయి. నాలుగు దుకాణాల నుంచి తెప్పిస్తే ముక్కల కన్నా పోస్టు ఖర్చే ఎక్కువవుతుంది.